ఇకపై తెరిచే ప్రతి పేజీకీ

మా ఊళ్ళో ఇంతవరకూ ఎంతమంది ఇవాన్లు చనిపోయారో దేవుడికే తెలియాలి. చర్చిలో పేర్లు చదివేటప్పుడు ఇంటిపేరు చదవరు. ఇవాన్, మరియా, పెన్కా, ఇవాన్, స్టోయన్ అంటూ ఫాదర్ మెథోది చదువుకుంటూ పోతుంటే, ప్రతి ఇంటివాళ్ళూ తమ ఇవాన్ వచ్చేశాడనుకుని తృప్తిగా సిలువ గుర్తు వేసుకుంటారు. ఏ ఇవాన్ ఎవరివాడో పైన సర్దుకుంటారు. అనాని అనే పేరు మాత్రం మా ఊళ్ళో ఒక్కడికే ఉండేది. అందుకే ఆ పేరు వినిపించడం లేదన్న సంగతి అతని భార్య జ్లత్కా ఒక్కదానికే తెలిసింది.

ఏడాదికి మూడు శనివారాలు మాకు చనిపోయినవారివి. ఫిబ్రవరిలో ఒకటి, చెర్రీలు పండే వేళ ఒకటి, నవంబరులో ఒకటి. ఆడవాళ్ళు గోధుమలు ఉడికించి, చక్కెర, అక్రోటు పొడి కలిపి తెస్తారు. దానితోపాటు తమవాళ్ళ పేర్లు రాసిన చీటీ తెస్తారు. ఆ చీటీలు తీసుకునేది నేనే. ముప్పై ఏళ్ళు పక్క పట్టణం సెవ్లియెవోలోని డబ్బాల ఫ్యాక్టరీలో బఠానీలు ప్యాక్ చేసి రిటైరయ్యాక, చర్చి గుమ్మం పక్కన కొవ్వొత్తుల బల్ల దగ్గర కూర్చుంటున్నాను.

నవంబరు శనివారం ప్రార్థన అయిపోయి అందరూ వెళ్ళిపోయాక జ్లత్కా నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. గోధుమల గిన్నె మీద కప్పిన గుడ్డ ఇంకా తీయలేదు.

“త్సోన్కక్కా, ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. మా ఆయన పేరు అయ్యగారు కావాలనే వదిలేస్తున్నారా?”

అదేం మాట, నా చేత్తో నేనే జాబితాలో ఎక్కించాను కదా అన్నాను.

“నువ్వు ఎక్కించే ఉంటావు. ఆయన చదవడం లేదు. ఐదుసార్లు చెవులు రిక్కించుకుని విన్నాను. మాది చర్చి పెళ్ళి కాదనా? మా ఆయన ఈ ఊరివాడు కాదనా? ఏదో ఒకటి చెప్పేస్తే సరిపోతుంది కదా, ఇలా ప్రతిసారీ నిలబెట్టి ఏడిపించడం దేనికి?”

అనాని సముద్రం ఒడ్డు ఊరివాడు. కోత యంత్రం నడపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇద్దరూ పంచాయతీ ఆఫీసులో సంతకాలు పెట్టి వచ్చారే తప్ప చర్చిలో పెళ్ళి కిరీటాలు పెట్టించుకోలేదు. అంతకుముందు ఏడు మార్చిలో గుండె ఆగి పోయాడు. పాతిపెట్టింది ఫాదర్ మెథోదీయే. ఆ మాటే గుర్తుచేశాను. జ్లత్కా తల అడ్డంగా ఊపింది. వచ్చే చెర్రీల శనివారం దాకా చూస్తానంది. అప్పటికీ పేరు చదవకపోతే గోధుమలు ఉడికించి ఇకమీదట సముద్రం ఒడ్డుకే పట్టుకెళ్తాననీ, ఈ గుమ్మం తొక్కననీ చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. ఎందుకంటే ఆ జాబితా నా గర్వం.

మునుపు చీటీలు తెచ్చే ఇళ్ళవాళ్ళ పేర్లన్నీ ఒక లావుపాటి పుస్తకంలో చేత్తో రాసి ఉండేవి, వేలెడంత అక్షరాలతో. మూడేళ్ళ కిందట ఊరి లైబ్రరీ మూతపడినప్పుడు అక్కడి కంప్యూటర్ని, ప్రింటర్ని చర్చికి ఇచ్చేశారు. లైబ్రరీ చూసుకున్న బిస్త్రా నాకు టైపు చేయడం, అచ్చు తీయడం వారం రోజులు కూర్చోబెట్టి నేర్పింది. నేను ఆ పుస్తకంలోని పేర్లన్నీ అక్షర క్రమంలో ఎక్కించాను. కంప్యూటర్ తెరవగానే ఏ అక్షరాలు వస్తే ఆ అక్షరాలే వాడాను. అవి సన్నగా, చిన్నగా, కాళ్ళూ చేతులూ లేకుండా ఉంటాయి. పోనీలే, చిన్నవైతే ఎక్కువ పడతాయి అనుకున్నాను. పేజీకి నాలుగు నిలువు వరుసలు, రెండు వైపులా. నాలుగు వందల పన్నెండు పేర్లు ఒక్క కాగితంలో పట్టాయి. మా ఆయన మింకో దాన్ని చూసి, “నా పెళ్ళాం ఊళ్ళో చనిపోయినవాళ్ళందర్నీ ఒక్క కాగితంలో పడుకోబెట్టింది” అని కాఫీ దుకాణం దాకా వెళ్ళి చెప్పొచ్చాడు.

ఫిబ్రవరి శనివారం వచ్చింది. నేను ఇంకో ప్రతి అచ్చు తీసి, పెన్సిల్ పట్టుకుని, ఆయనకు దగ్గరగా స్తంభం పక్కన నిలబడ్డాను. ఏ పేరు చదివితే దాని పక్కన గుర్తు పెట్టాలని నా ఆలోచన. ఫాదర్ మెథోది కాగితం కళ్ళ ముందు పట్టుకుని మొదలుపెట్టారు. గొంతు ఎప్పటిలాగే ఏరులా సాగిపోయింది. జేచో, రాదా, మినా, లాజర్. నా కాగితంలో మొదటి పేరు ఆ నాలుగింటిలో ఏదీ కాదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ పదిహేను పేర్ల దాకా తడబడ్డాను. అప్పుడు తట్టింది. జేచో, రాదా అంటే వంతెన అవతల పిండిమర ఇంటివాళ్ళు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ పక్కింటివాళ్ళు. ఆ తర్వాత ఎదురింటివాళ్ళు.

పెన్సిల్ దించేశాను.

వంతెన దగ్గర మొదలుపెట్టి ఎగువకు, ఒక్కో ఇంటి తలుపూ తట్టుకుంటూ ఊరంతా నడుస్తున్నారాయన. ఊటబావి దగ్గర వీధి మలుపు తిరిగే చోట నిజంగానే ఒక క్షణం ఆగి ఊపిరి పీల్చుకున్నారు. పైకప్పులోంచి అక్రోటు చెట్టు మొలిచిన కోల్యో ఇంటి దగ్గరా ఆగి ఏడు పేర్లు చెప్పారు. ఆ ఇంటి తరఫున చీటీ తెచ్చేవాళ్ళు ఇరవై ఏళ్ళుగా లేరు. ఆ ఏడు పేర్లూ నా కాగితంలో లేనే లేవు. నలభై ఏళ్ళ కిందట మా ఊరొచ్చిన మనిషి, ప్రతి ఇంటి చనిపోయినవాళ్ళనూ గుండెలో వరసగా కూర్చోబెట్టుకున్నారు. మనుషులు వదిలేసిన ఇళ్ళను కూడా ఆయన వదల్లేదు.

ఊటబావికి పైన మూడో ఇల్లు జ్లత్కాది. ఆమె తండ్రి పేరు వచ్చింది, తల్లి పేరు వచ్చింది, మేనమామ పేరు వచ్చింది. ఆయన పక్కింటికి వెళ్ళిపోయారు. వెనక జ్లత్కా గిన్నె మీద గుడ్డ బిగించి కట్టుకోవడం చూశాను.

అప్పటికి అంతా అర్థమైంది. ఆయన చూపు పోయింది. సువార్త ఆయనకు నోటికొచ్చు, పూజ పుస్తకాల్లో అక్షరాలు ఎలాగూ పెద్దవి, అందుకే ఎవరికీ తెలియలేదు. నా పొదుపు కాగితమే ఆయనకు అందకుండా పోయింది. కొత్తగా పోయినవాళ్ళలో ఇవాన్లూ మరియాలూ పాతవాళ్ళ పేర్లలో కలిసిపోయి గట్టెక్కారు. అనాని ఒక్కడు బయట నిలబడిపోయాడు.

ఆయన ఎందుకు చెప్పలేదో కూడా ఊహించగలను. చూపు లేదని చర్చి పైఅధికారులకు తెలిస్తే విశ్రాంతి తీసుకోమంటారు. ఆయన స్థానంలో ఇంకొకరిని పంపరు, మాలాంటి ఊళ్ళకు పంపేంత మంది లేరు. చర్చి తలుపుకు తాళం పడుతుంది. కాబట్టి నేనూ ఏమీ అనలేదు. ఆదివారాల్లో ఆ వారం చీటీలిచ్చినవాళ్ళ పేర్లే చదువుతారు, అవి పదిపన్నెండే ఉంటాయి. తర్వాతి ఆదివారం పేర్లన్నిటినీ ఎంచుకుని అక్షరాలు రెట్టింపు చేసి, లావు చేసి అచ్చు తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన కాగితాన్ని కళ్ళ ముందు అటూ ఇటూ జరిపి చూశారు. తర్వాత ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివారు. ఒక్క ముక్క నాతో అనలేదు. నేనూ కొవ్వొత్తులు సర్దుకుంటూ ఉండిపోయాను.

అంతటితో సమస్య తీరిందనుకున్నాను. మార్చిలో మా చెల్లెలికి పిత్తాశయం ఆపరేషనని గాబ్రొవో వెళ్ళి పది రోజులున్నాను. జాబితా పని మింకో చూసుకున్నాడు. తిరిగి రాగానే, అయ్యగారు ఎలా చదివారని అడిగాను.

“గలగలా చదివాడే. ఎక్కడా ఆగలేదు,” అన్నాడు మింకో, తన టైపింగు గొప్పే అన్నట్టు.

ఆగలేదంటే కాగితం చూడనే లేదన్నమాట. బల్ల మీద ఆ కాగితం ఉంది. సన్నటి చీమల బారు. కొత్త పేజీ తెరిచినప్పుడల్లా ఆ కంప్యూటర్ మళ్ళీ ఆ చిన్న అక్షరాలకే పోతుంది. నేనుంటే పెంచుతాను, మరిచిపోతే లేదు. నేను చనిపోయాక? అప్పుడు నా పేరు కూడా ఆ చీమల్లో ఒకటి.

బిస్త్రాకు ఫోన్ చేశాను. లైబ్రరీ పోయాక ఆమె సెవ్లియెవోలో కొడుకు ఇంటి దగ్గర ఉంటోంది. సంగతంతా చెప్పలేదు, ఎప్పుడు తెరిచినా పెద్ద అక్షరాలే రావాలి, ఎవరు తెరిచినా రావాలి, అలాంటిది కుదురుతుందా అని మాత్రం అడిగాను. నవ్వింది.

“ముప్పై ఏళ్ళు బఠానీలు డబ్బాల్లో పెట్టావు కదే. ప్రతి డబ్బాకీ లేబుల్ చేత్తో రాశావా? అచ్చు ఒకసారి మారిస్తే వచ్చే డబ్బాలన్నీ మారవూ? ఇదీ అంతే. నేను చెప్తుంటే నొక్కుతూ పో. పేరు పెట్టి తిట్టకు దాన్ని, అది వింటుంది.”

ఫాంట్ అని ఉన్న చోట మూలనున్న చిన్న బాణం నొక్కమంది. ఒక కిటికీ తెరుచుకుంది. అందులో కింద పాదాలున్న, నిలువుగా నిలబడే అక్షరాలు ఎంచుకున్నాను. లావు చేశాను. సైజు ఇరవై రెండు పెట్టాను. కింద ఎడమవైపు ‘డిఫాల్ట్‌గా ఉంచు’ అని ఒక మీట ఉందట, మూడేళ్ళుగా అది నా కళ్ళ ముందే ఉంది, ఎప్పుడూ చూడలేదు. నొక్కాను. అప్పుడు అది నన్ను ఒక ప్రశ్న అడిగింది.

ఈ ఒక్క పత్రానికా? లేక ఇకపై తెరిచే ప్రతి పేజీకీనా?

నా చెయ్యి ఆగిపోయింది. బిస్త్రా అవతల నుంచి రెండోది, రెండోది అంటూనే ఉంది. ఎనిమిదో తరగతి చదివినదాన్ని. ఇకపై రాబోయే ప్రతి పేజీ గురించీ జవాబు చెప్పమని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇంకా పుట్టని కాగితాలు, వాటి మీద రాయబోయే పేర్లు, వాటిలో మింకో పేరు, నా పేరు, మా చర్చి బలిపీఠం ముందు నిలబడబోయే ఎవరో తెలియని ముసలికళ్ళ పూజారి. వీళ్ళందరి తరఫునా నేను సరే అనాలి. సిలువ గుర్తు వేసుకుని రెండోది నొక్కాను. వరుసల మధ్య ఎడం గురించి కూడా అలాగే ఇంకో కిటికీ ఉందని బిస్త్రా చెప్పింది. అక్కడా అదే ప్రశ్న వచ్చింది. ఈసారి చెయ్యి ఆగలేదు.

అన్నీ మూసి, కొత్త పేజీ తెరవమంది. తెరిచాను. తెల్లగా ఖాళీగా ఉంది. కానీ మూలన కొట్టుకునే ఆ చిన్న గీత ఇప్పుడు బొటనవేలంత పొడుగుంది. ఏమీ రాయకముందే ఆ ఖాళీ పేజీ పెద్ద అక్షరాల కోసం చోటు చేసుకుని కూర్చుంది. మర్నాడు కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసి చూశాను. అలాగే ఉంది. వింతగా అనిపించి మింకోను పిలిచి చూపించాను. గీత పెద్దదైందని ఇంత సంబరమా అన్నాడు. ఇది అడగొచ్చో లేదో నాకు తెలియదు గానీ, బిడ్డ పుట్టినప్పుడు, ఇంకా ఏమీ రాయకముందు, దేవుడు కూడా ఏదో ఒకటి ముందే పెట్టి ఉంచుతాడా అనిపించింది. పెట్టేముందు ఆయన చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగుతుందా?

పాత జాబితా తెరిచి చూస్తే మాత్రం చీమలు చీమలుగానే ఉన్నాయి. మళ్ళీ ఫోన్ చేస్తే, అయిపోయినవాటి జోలికి అది పోదు, ఇకపై వచ్చేవాటికే అంది బిస్త్రా. పాతవాటిని కొత్త పేజీలోకి తెచ్చుకోవాలట. ఎలాగూ తేవాలి కాబట్టి, ఆయన గుండెలో మాత్రమే ఉన్న ఇళ్ళను కూడా తెచ్చేయాలనుకున్నాను. పెద్ద కాగితం చూసి చదవడం మొదలుపెడితే కోల్యో ఇంటివాళ్ళు ఏడుగురూ బయటపడిపోతారు. అనానిని లోపలికి తెస్తూ వాళ్ళను బయటకు పంపడం ఏం న్యాయం?

ఈస్టర్ అయిన వారం ఫాదర్ మెథోది దగ్గరకు వెళ్ళాను. పెరట్లో పూత రాలిన రేగుచెట్టు కింద కూర్చుని ఉన్నారు. ఆరోగ్యం అడిగాను, వాన గురించి అడిగాను, కోళ్ళ గురించి అడిగాను.

“చల్లకొచ్చి ముంత దాచడం దేనికి త్సోన్కా. అడగవలసింది అడుగు.”

“నా జాబితాలో లేని పేర్లు మీరు చదువుతున్నారు అయ్యగారూ. అవి నాకు చెప్పండి, ఎక్కిస్తాను.”

ఆయన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“ఫిబ్రవరిలో.”

“నీ కాగితం మీద చీమలు బారులు తీరి పోతుండేవమ్మా. చీమల్ని చదవడం మాకు నేర్పలేదు,” అన్నారు. అద్దాలు మూడుసార్లు మార్చారట. కంటి నడిమధ్య మసక పడిందని, అద్దాలతో పోయేది కాదని డాక్టరు చెప్పాడట. పక్కలకు కనిపిస్తుందట, చూడాలనుకున్న చోటే కనిపించదట. “నువ్వు మొన్నామధ్య పెద్దవి చేసి ఇచ్చావు. నీ దయ అనుకున్నాను. తర్వాత మళ్ళీ చిన్నవి వచ్చాయి. దయకు కూడా అలసట ఉంటుంది కదా అనుకున్నాను.”

మర్నాడు మధ్యాహ్నం చర్చి గదికి రమ్మన్నాను.

మూడు మధ్యాహ్నాలు చర్చి గదిలో కూర్చున్నాం. ఆయన కళ్ళు మూసుకుని చెప్తుంటే నేను ఎక్కించాను. వంతెన నుంచి మొదలుపెట్టాం. అక్షర క్రమం వదిలేశాను, ఆయన నడిచే దారే పెట్టాను. ఒక్కో పేరూ తెర మీద పెద్దగా, తలుపు తీసుకుని గడప మీదికొచ్చిన మనిషిలా నిలబడింది. చీటీలు తెచ్చేవాళ్ళు లేని పేర్లు ఎనభై ఏడు తేలాయి. మూడో రోజు ఊటబావి దాటాం. జ్లత్కా ఇల్లొచ్చింది. తండ్రి, తల్లి, మేనమామ. ఆయన ఆగి, “అంతే, తర్వాతి ఇల్లు,” అన్నారు.

నేను టైపు చేయలేదు. చప్పుడు ఆగిపోయేసరికి ఆయన కళ్ళు తెరిచారు.

“ఎవరు?”

“అనాని, అయ్యగారూ.”

ఆయన పెదవులు ఆ పేరును ఒకసారి చప్పుడు లేకుండా పలికాయి. “నేనే పాతిపెట్టాను. వాన పడుతోంది ఆ రోజు. కొత్తవి నిలవడం లేదమ్మా నాలో. ఎన్నిసార్లు వదిలేశాను?”

“ఆరు.”

“ఆ పిల్ల అన్నిసార్లూ వచ్చిందా?”

వచ్చిందన్నాను. ఆయన గడ్డం నిమురుకున్నారు. తర్వాత, “రాయి. పెద్దగా రాయి,” అన్నారు.

“ఇప్పుడన్నీ పెద్దగానే వస్తాయి అయ్యగారూ. నేను లేకపోయినా వస్తాయి. దానికి ముందే చెప్పి పెట్టాను.”

“ముందే?” అని, తెరకు దగ్గరగా వంగి, తల కాస్త పక్కకు తిప్పి, కంటి కొసతో ఆ పేరును చదివారు. వేలితో ఆ అక్షరాల వెంట గీశారు కూడా.

చెర్రీల శనివారం నాడు ఊరంతా సమాధుల దగ్గరే ఉంది. గిన్నెల్లో చెర్రీలు, గోధుమలు, రొట్టెలు. నేనిచ్చిన జాబితా పన్నెండు కాగితాలైంది. ఒక్క కాగితంలో పడుకోబెట్టినవాళ్ళు పన్నెండింటి మీద లేచి కూర్చున్నారేమిటని మింకో గొణిగాడు. జ్లత్కా లోపలికి రాలేదు. సమాధుల గేటు పక్కన గిన్నె చంకన పెట్టుకుని, బస్సు ఎక్కబోయే మనిషిలా నిలబడింది.

ఫాదర్ మెథోది చదవడం మొదలుపెట్టారు. ఏరులా సాగే ఆ గొంతు ఈసారి సాగలేదు. జేచో అని ఆగారు. రాదా అని ఆగారు. ఒక చోట పేరు సగం చదివి, కాగితం పక్కకు జరిపి, కంటి కొసతో వెతుక్కుని మిగతా సగం చదివారు. జనం మొహమొహాలు చూసుకున్నారు. ఆయన పనైపోయింది పాపం, గుక్క తిరగడం లేదు అని మింకో నా చెవిలో అన్నాడు. నాకు మాత్రం అంత గొప్పగా ఆయన ఎప్పుడూ చదివినట్టు అనిపించలేదు. ఒక్కో పేరు దగ్గరా ఆగి, ఆ మనిషి వచ్చాడో లేదో చూసుకుని, అప్పుడు ముందుకు కదులుతున్నట్టుంది. కోల్యో ఇంటి ఏడుగురూ వచ్చారు. ముసలివాళ్ళు కొందరు తలెత్తి చూశారు. ఆ పేర్లు ఫిబ్రవరిలోనూ వినిపించాయి గానీ, ఆ వేగంలో ఎవరి చెవినా పడలేదు.

తొమ్మిదో కాగితం తిరిగింది. జ్లత్కా తండ్రి. తల్లి. మేనమామ. ఆయన ఆగారు. ఇంతసేపు ఇంతవరకూ ఆగలేదు. కాగితం పక్కకు జరిపారు, మళ్ళీ ఇటు జరిపారు. ఆ ముసలి కళ్ళకు నా ఇరవై రెండు కూడా చాలదేమోనని భయపడ్డాను.

“అనాని,” అన్నారు. తర్వాత, ఎవరి పేరూ రెండుసార్లు చదవని మనిషి, మళ్ళీ అన్నారు, “అనాని.”

గేటు వైపు నేను చూడలేదు. చూడడానికి ధైర్యం చాలలేదు. మిగతా మూడు కాగితాలూ వింటూ నిలబడ్డాను. అంతా అయ్యి, సాంబ్రాణి పొగ చెదిరాక, జ్లత్కా జనం మధ్యలోంచి నడిచి వచ్చింది. గిన్నె మీద గుడ్డ ముడి బిగుసుకుపోయి ఉంటే పళ్ళతో లాగి విప్పింది. మొదటి చెంచా ఫాదర్ మెథోదికి ఇచ్చింది. ఆయన చేతులు రెండూ చాపి, దోసిట్లో పట్టుకుని తిన్నారు. ఏదో అనబోయారు. ఆమె తల వంచి ఆయన చేతిని ముద్దు పెట్టుకుని అనవలసిన పని లేకుండా చేసింది.

తర్వాత నా దగ్గరకొచ్చి కాగితపు కప్పులో నాకూ పెట్టింది. మా దగ్గర చనిపోయినవారి గోధుమలు తీసుకున్నప్పుడు ‘దేవుడు క్షమించుగాక’ అనాలి. అది చనిపోయినవాళ్ళ కోసం అనే మాట. నోట్లో గోధుమలతో నేనూ అన్నాను. మూడేళ్ళ నా ఒక్క కాగితం గర్వం కూడా అందులో కలిపి అన్నాను. దేవుడు వింటాడో లేదో గానీ, ఎవరి కోసం అన్నానో పైన సర్దుకుంటారు.